చీటీల గిన్నె: ఇల్లు లేని మాజీ సైనికులకు అమెరికాలో ఇస్తున్న ఒక చికిత్స మీద నా రివ్యూ

ఈ రివ్యూ, మత్తుమందు మానినవాళ్లకు చీటీలు తీయించి చిన్న బహుమతులిచ్చే ఒక వైద్య సేవ గురించి. కాగితాల మీద దాని పేరు కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. క్లినిక్‌లో ఆ పేరు ఎవరి నోటా రాదు. పేషెంట్లు, నర్సులు, మేము, అందరం ఫిష్‌బౌల్ అనే అంటాం, ఎందుకంటే చికిత్స అంతా ఒక గాజు గిన్నె, అందులోని చీటీల చుట్టూనే నడుస్తుంది. అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ, అందరూ వీఏ అనేది, దీన్ని 2011 నుంచి తన ఆస్పత్రుల్లో పెట్టింది. ముఖ్యంగా మెథ్ (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు), కొకైన్ మానాలనుకునేవాళ్ల కోసం.

నేను పడమటి తీరంలో ఒక నగరంలో అడిక్షన్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇల్లు లేదు. కారులో పడుకునేవాళ్లు, ఫ్రీవే పక్కన టెంట్ వేసుకున్నవాళ్లు, షెల్టర్‌లో ఒక మంచం దొరికినవాళ్లు, నెలకో స్నేహితుడి సోఫా మీద గడిపేవాళ్లు. అందుకే ఈ చికిత్స పుస్తకంలో ఎలా ఉంటుందో కాకుండా, ఇల్లు లేని మనిషి దీన్ని వాడుకోబోతే ఏం జరుగుతుందో చెప్తాను.

రేటింగ్ ముందే చెప్పేస్తున్నాను: ఐదుకు నాలుగు. నేను ఈ పనిలోకి వచ్చాక చూసిన చికిత్సల్లో మెథ్ విషయంలో ఇంతకన్నా బాగా పనిచేసింది లేదు. ఆ తగ్గించిన ఒకటీ ఎందుకో చెప్పడానికే మిగతా రివ్యూ అంతా.

ముందు ఎలా నడుస్తుందో చూద్దాం. వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు రావాలి. మెథ్ గానీ కొకైన్ గానీ వాడితే మూత్రంలో రెండు మూడు రోజులు జాడ ఉంటుంది. అందుకే సోమ, గురువారాలో, మంగళ, శుక్రవారాలో పెడతాం, మధ్యలో వాడితే చాలావరకు కనబడేలా. వచ్చిన మనిషికి ప్లాస్టిక్ కప్పు ఇస్తాం. కప్పు మీద వేడిని చూపే చిన్న పట్టీ ఉంటుంది. శాంపిల్ అప్పటికప్పుడు ఇచ్చిందా, జేబులో పెట్టుకుని తెచ్చిందా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. కొద్ది నిమిషాల్లో గీతలు తేలతాయి. ఒక్కో డ్రగ్‌కి ఒక్కో గీత. గీత వచ్చిందంటే నెగెటివ్. అది ఎంత పల్చగా ఉన్నా గీత గీతే. ఇంటర్వ్యూ ఫలితం కోసం చూసినట్టు వాళ్లు ఆ కప్పు వైపే చూస్తుంటారు.

నెగెటివ్ అయితే గిన్నె బల్ల మీదికి వస్తుంది. అందులో 500 చీటీలు. వాటిలో 250 చీటీల మీద 'గుడ్ జాబ్' అని మాత్రమే రాసి ఉంటుంది, డబ్బేమీ రాదు. 209 చీటీలకు ఒక్కో డాలర్. 40 చీటీలకు 20 డాలర్లు. ఒకే ఒక్క చీటీ జంబో, దానికి 100 డాలర్లు. తీసిన చీటీని మళ్లీ గిన్నెలోనే వేస్తాం కాబట్టి జంబో ఎప్పుడూ అందులోనే ఉంటుంది. మొదటి నెగెటివ్‌కి ఒక చీటీ, వరసగా రెండో నెగెటివ్‌కి రెండు, మూడోదానికి మూడు, అలా ఎనిమిది దాకా పెరుగుతాయి. పాజిటివ్ వస్తే ఆ రోజు చీటీ లేదు. మళ్లీ నెగెటివ్ ఇచ్చిన రోజు ఒకటి నుంచి మొదలు. చెప్పకుండా మానేసినా అంతే.

ఇంతకు మించి శిక్ష లేదు. పాజిటివ్ వచ్చిన మనిషితో నేను చెప్పేది ఒక్కటే: "ఇవాళ వచ్చినందుకు సంతోషం. గురువారం కలుద్దాం." గొంతు పెంచను, మొహం మాడ్చుకోను, క్లాసు పీకను. ఈ పద్ధతిలో థెరపిస్టు నేర్చుకోవాల్సినవాటిలో కష్టమైంది ఇదే. ఎందుకు వాడావు, నిన్నేం జరిగింది అని అడగాలని నోటి చివరిదాకా వస్తుంది. ఆ మాటలకు కౌన్సెలింగ్ సమయం వేరే ఉంది. గిన్నె ముందు మాత్రం తీర్పు చెప్పకూడదు.

24 సార్లూ నెగెటివ్ ఇచ్చిన మనిషి మొత్తం 164 చీటీలు తీస్తాడు. ఒక్కో చీటీ విలువ సగటున 2 డాలర్ల 22 సెంట్ల చొప్పున లెక్కేస్తే మూడు నెలలకు దాదాపు 364 డాలర్లు. ఒక్కరోజు ఆస్పత్రి పడక ఖర్చుతో పోల్చి చూస్తే ఇది చాలా చిన్న మొత్తం. అది కూడా నగదుగా రాదు. ఆస్పత్రిలోనే ఉండే వెటరన్స్ క్యాంటీన్‌లో చెల్లే కూపన్లుగా వస్తుంది. తిండి, బట్టలు, ఫోన్ ఛార్జర్లు, బ్యాగులు, సబ్బులు అక్కడ దొరుకుతాయి.

ఈ గిన్నె ఆలోచన కనెక్టికట్ యూనివర్సిటీ పరిశోధకురాలు నాన్సీ పెట్రీది. అంతకు ముందే వెర్మాంట్‌లో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకైన్ పేషెంట్లకు వోచర్లు ఇచ్చి, అది పనిచేస్తుందని 1990ల్లోనే చూపించాడు. కానీ ప్రతి నెగెటివ్‌కీ వోచర్ ఇవ్వాలంటే మామూలు క్లినిక్‌లు ఆ ఖర్చు భరించలేవు. పెట్రీ దాన్ని చీటీలుగా మార్చి ఖర్చు తగ్గించింది. లాటరీలా ఉంది కదా, ఇది జూదం అలవాటు చేయదా అని చాలామంది అడుగుతారు. పెట్రీ స్వయంగా జూదం వ్యసనం మీద పెద్ద నిపుణురాలు. ఆ అనుమానం ఆమెకే ముందు వచ్చింది. పరీక్షించి చూస్తే ఈ చికిత్స తీసుకున్నవాళ్లలో జూదం పెరగలేదు. ఆమె 2018లో చనిపోయింది. నేను ఆమెను ఎప్పుడూ కలవలేదు గానీ, నా పేషెంట్లలో కొందరు ఇవాళ బతికి ఉన్నారంటే అందులో ఆమె పాలు ఉందని నమ్ముతాను.

ఇది ఎంత ముఖ్యమో తెలియాలంటే ఇంకో సంగతి కూడా తెలియాలి. హెరాయిన్, ఫెంటనిల్ లాంటి నల్లమందు జాతి మత్తులు మాన్పించడానికి బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ అనే మందులు ఉన్నాయి. మద్యానికి నాల్ట్రెక్సోన్ ఉంది. మెథ్‌కీ కొకైన్‌కీ అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటి కూడా లేదు. కాబట్టి గిన్నెను సరదాకి పెట్టిన బహుమతుల కార్యక్రమం అనుకోవద్దు. వాళ్లకు అదే మందు.

"మానేసినందుకు డబ్బులివ్వడమేంటమ్మా? మానేయడం వాడి బాధ్యత కదా?" అని మా నాన్న ఫోన్‌లో అడిగారు. నాన్న రిటైరైన హవల్దార్. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యంలోకి మనుషుల్ని పంపుతున్న ఊరు. అలాంటి ఊళ్లో పెరిగినవాళ్లకు క్రమశిక్షణ అంటే జీతం కోసం చేసేది కాదు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది, అందుకే తేలిగ్గా కొట్టిపారేయలేదు.

"నాన్నా, మెథ్ వాడినవాడికి సుఖం ఆ నిమిషంలోనే దొరుకుతుంది. మానేసినవాడికి దొరికేవన్నీ ఎప్పుడో ఆరు నెలల తర్వాత: ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లలు మళ్లీ మాట్లాడటం. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని మనిషికి ఆరు నెలల తర్వాత అనే మాటకు అర్థం లేదు. అందుకని మానేసినందుకు కూడా ఆ నిమిషంలోనే ఏదో ఒకటి చేతికి రావాలి" అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాళ్లకి ఇంట్లోవాళ్లు ఎవరూ లేరా?" అన్నారు.

అసలు ప్రశ్న అదే. మా వైపు సైన్యం నుంచి వచ్చి తాగుడులో పడినవాళ్లు లేరని కాదు. అలాంటివాళ్లను చూస్తూనే పెరిగాను. కానీ వాళ్లలో ఎక్కువమందికి అన్నదమ్ముల ఇంటి అరుగు మీద ఒక మంచం, వదిన తిట్టుకుంటూనైనా పెట్టే అన్నం ఉండేవి. ఇక్కడ నేను చూసేవాళ్లకు అదీ లేదు. విడాకులు అయ్యాయి, తల్లిదండ్రులు పోయారు, అన్న ఎక్కడో రెండువేల మైళ్ల దూరంలో ఉన్నాడు, వీళ్ల నంబర్ బ్లాక్ చేశాడు.

ఇప్పుడు వీధిలో మెథ్ ఏం పని చేస్తుందో చెప్పాలి. ఈ సేవ గురించి రాసిన చాలామంది ఈ భాగం వదిలేస్తారు. టెంట్లో ఉండేవాళ్లు సుఖం కోసమే దాన్ని వాడతారనుకుంటే పొరపాటు. మెథ్ నిద్ర రానివ్వదు. నిద్రపోతే బూట్లు పోతాయి, బ్యాగు పోతుంది, అందులోని డీడీ-214 పోతుంది. సైన్యం నుంచి విడుదలైనట్టు చూపే కాగితం అది. ఏ సాయం కావాలన్నా మొట్టమొదట అదే అడుగుతారు. ఆడవాళ్లకు పోయేవి వస్తువులే కాదు. మెథ్ వాడితే ఆకలి తెలియదు, చలి తెలియదు. రాత్రంతా కాపలా ఉండాల్సిన మనిషికి అదొక పనిముట్టు. అతన్ని మానమని అడగడమంటే, రాత్రి నిద్రపొమ్మని అడుగుతున్నట్టే. ఎక్కడ నిద్రపోవాలి అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండాలి కదా.

నా దగ్గరికి వచ్చిన ముగ్గురి గురించి, వాళ్లెవరో తెలియకుండా వివరాలు మార్చి చెప్తాను.

ఒకాయన నేవీలో మెకానిక్‌గా చేశాడు. మొదట్లో సరిగ్గా రాలేదు, వచ్చినా పాజిటివ్. ఒకరోజు వానలో తడుస్తూ వచ్చి నెగెటివ్ ఇచ్చాడు. అతని జీవితంలో మొదటి చీటీ. 'గుడ్ జాబ్' వచ్చింది. "ఇంత దూరం నడిచి వచ్చింది దీనికా?" అని గట్టిగా బూతు మాట అనేసి వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. గురువారం పొద్దున్నే తలుపు దగ్గర ఉన్నాడు. "ఇవాళ రెండు తీయొచ్చు కదా మేడమ్?" అన్నాడు. ఆ రెండిట్లో ఒకటి 20 డాలర్లు. నేరుగా క్యాంటీన్‌కి వెళ్లి మేజోళ్లు కొనుక్కున్నాడు. వీధిలో తడి మేజోళ్లతో తిరిగితే కాళ్లు ఎలా చెడతాయో సైనికులకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకాయన వియత్నాం కాలం మనిషి, కొకైన్. కూపన్లన్నీ ఏం చేస్తున్నాడో చెప్పేవాడు కాదు. ఒకరోజు చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. ఇళ్ల దరఖాస్తు కాగితాల్లో ఏముందో చదవకుండానే ఇన్నాళ్లూ సంతకాలు పెట్టానని, ఇప్పుడు చదివితే తన పేరులో ఒక అక్షరం తప్పు పడిందని చూపించాడు. అన్ని నెలలు ఫైలు కదలకపోవడానికి అదొక కారణం. ఆ తప్పు మా కళ్లకు ఎవరికీ పడలేదు.

మూడో ఆమె ఆర్మీలో పనిచేసింది. కుక్కతో కలిసి కారులో ఉండేది. రాత్రిళ్లు పార్కింగ్ లాట్లు మారుతూ మెలకువగా ఉండటానికి మెథ్. గిన్నె ఆమెకు బాగా పట్టింది, ఎనిమిది చీటీల దాకా ఎక్కింది. అదే సమయానికి హడ్-వాష్ అనే పథకం కింద అద్దె వోచర్ వచ్చి ఒక చిన్న ఫ్లాట్ దొరికింది. కుక్కను కూడా ఉండనిచ్చారు. తలుపుకి లోపల గడియ ఉన్న గదిలో ఆమె ఎన్నో ఏళ్ల తర్వాత పడుకుంది. పడుకుని సమయానికి లేవలేదు. సెషన్ తప్పిపోయింది. ముందుగా ఫోన్ చేసి ఉంటే లెక్కలోకి రాకుండా చూసేవాళ్లం, కానీ చేయలేదు. నిబంధన ప్రకారం మళ్లీ ఒక చీటీ నుంచి మొదలు. "నేను వాడలేదు. నిద్రపోయాను, అంతే" అంది ఏడుపు ఆపుకుంటూ. ఆ రోజు నిబంధన పాటించడానికి నాకు చాలా కష్టమైంది. కానీ ఒకరికి సడలిస్తే ఇంకొకరికి అన్యాయం, అది ఆమే అర్థం చేసుకుంది. మళ్లీ ఒకటి నుంచి ఎనిమిదికి ఎక్కింది. ఆ రెండోసారి ఎక్కడం మొదటిసారంత కష్టం కాలేదు. కారణం నాకు స్పష్టంగా కనిపిస్తుంది: ఇప్పుడు ఆమెకు రాత్రిళ్లు మెలకువగా ఉండాల్సిన అవసరం లేదు.

హడ్-వాష్ అన్నాను కదా, తెలియనివాళ్ల కోసం చెప్తాను. కేంద్ర గృహనిర్మాణ శాఖ, వీఏ కలిసి 1992లో మొదలుపెట్టి, 2008 నుంచి బాగా పెంచిన పథకం. గృహశాఖ అద్దె వోచర్ ఇస్తుంది, మాజీ సైనికుడు తన ఆదాయంలో 30 శాతం దాకా అద్దెకు కడతాడు, మిగతాది వోచర్ చూసుకుంటుంది. వీఏ ఒక కేస్ మేనేజర్‌ను ఇస్తుంది. ముందు మత్తు మానెయ్, తర్వాత ఇల్లిస్తాం అనే షరతు ఇందులో లేదు. ముందు ఇల్లు అనే ఈ పద్ధతిని వీఏ 2012లో తన విధానంగా తీసుకుంది. 2010 లెక్కల్లో ఒక రాత్రికి ఇల్లు లేకుండా దాదాపు 74,000 మంది మాజీ సైనికులు కనిపిస్తే, 2024 జనవరి లెక్కలో 32,882 మంది. ఇదే కాలంలో దేశంలో ఇల్లు లేని మామూలు జనం సంఖ్య పెరిగింది. మాజీ సైనికుల విషయంలో తగ్గడానికి ఈ పద్ధతే ముఖ్య కారణమని నా నమ్మకం. 2025 జులైలో వచ్చిన అధ్యక్షుడి ఆదేశం ముందు ఇల్లు అనే పద్ధతికి ప్రభుత్వ మద్దతు ఆపాలని చెప్పింది. అది చదివిన రోజు నాకు కారులో ఉండిన ఆ మూడో ఆమె గుర్తొచ్చింది. ముందు మెథ్ మానేస్తేనే ఇంటి తాళంచెవి ఇస్తామని ఉంటే, కారులో మెలకువగా ఉండటానికే మెథ్ వాడుతున్న మనిషి ఆ తాళంచెవి దాకా ఎలా వస్తుంది?

ఇప్పుడు లోపాలు.

అన్నిటికన్నా పెద్దది గిన్నెది కాదు, గిన్నె బయటిది. నా పేషెంట్ ఒకతను తాత్కాలిక వసతి గృహంలో ఉంటూ మా దగ్గరికి వచ్చేవాడు. ఎనిమిది వారాలు బాగా గడిచి ఒకసారి వాడాడు. మా దగ్గర పాజిటివ్ వచ్చింది, "గురువారం కలుద్దాం" అన్నాం. పేషెంట్ల ఫలితం వాళ్ల అనుమతి లేకుండా మేము ఎవరికీ చెప్పం, చట్టం ఒప్పుకోదు. కానీ ఆ గృహం వాళ్లు తమ పరీక్ష తాము చేసుకున్నారు. అదే రాత్రి బ్యాగు సర్దించి బయటికి పంపేశారు. ఒకే తప్పుకు ఒకచోట చీటీలు మళ్లీ ఒకటికి పడిపోయాయి, ఇంకోచోట పైకప్పు పోయింది. గురువారం అతను రాలేదు. ఫోన్ పనిచేయలేదు. మా ఔట్‌రీచ్ టీమ్ అతన్ని వెతికి పట్టుకునే సరికి చలికాలం వచ్చేసింది. ఒక్కసారి జారినందుకు మనిషిని వీధిలోకి నెడితే ఏ చికిత్సా నిలబడదు. ఇది నేను మీటింగుల్లో కూడా చెప్తాను, ఇక్కడా చెప్తున్నాను. అన్ని వసతి గృహాలూ ఇలా ఉండవు. మరుసటి రోజు మంచం అలాగే ఉంచి, మా దగ్గరికి దగ్గరుండి తీసుకొచ్చిన సిబ్బందిని కూడా చూశాను. ఆ తేడాయే ప్రాణాలు నిలబెడుతుంది. అక్షరాలా ప్రాణాలే. ఈ మధ్య మెథ్‌లో కూడా ఫెంటనిల్ కలిసి వస్తోంది. కొన్ని వారాలు మానేసిన మనిషి మళ్లీ వాడితే శరీరం తట్టుకోదు. అందుకే గిన్నెలో చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజే, ఫెంటనిల్ మోతాదు మించితే ప్రాణం కాపాడే నలోక్సోన్ ముక్కు స్ప్రే ఇప్పిస్తాం. మాజీ సైనికులకు వీఏ దాన్ని ఉచితంగా ఇస్తుంది.

రెండోది కూపన్లు. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక క్లినిక్‌లో కూపన్ల నిల్వ అయిపోతే కొత్తవి రావడానికి ఆలస్యమయ్యేది. "మీకు 23 డాలర్లు రావాలి, వచ్చేవారం ఇస్తాం" అని కాగితం మీద రాసుకునేవాళ్లం. వచ్చేవారం అన్న మాటే ఈ చికిత్సను దెబ్బతీస్తుంది. వెంటనే చేతికి రావడంలోనే దాని బలం ఉంది. ఇన్నాళ్లూ ప్రభుత్వం ఇస్తానన్నవన్నీ వచ్చేవారం అనే విన్న మనుషులు వీళ్లు. అలాంటి వారాల్లో హాజరు పడిపోవడం కళ్లారా చూశాను. ఏ క్లినిక్ అయినా దీన్ని మొదలుపెట్టే ముందు మూడు నెలలకు సరిపడా కూపన్లు బీరువాలో ఉన్నాయా లేదా చూసుకుని మొదలుపెట్టాలి.

పరీక్ష కప్పు కూడా దేవుడు కాదు. డిప్రెషన్‌కీ, సిగరెట్ మాన్పించడానికీ ఇచ్చే బ్యుప్రోపియాన్ మందు వల్ల కొన్నిసార్లు ఆంఫెటమిన్ (మెథ్ జాతి మందు) ఉన్నట్టు తప్పుగా చూపిస్తుంది. జలుబుకి వాడే కొన్ని మందులతో కూడా అంతే. మా పేషెంట్లలో చాలామంది బ్యుప్రోపియాన్ మీదే ఉంటారు. వాడలేదు మొర్రో అని మనిషి చెప్తుంటే నమ్మి, శాంపిల్‌ను పెద్ద ల్యాబ్‌కి పంపించే థెరపిస్టు దొరకాలి. చేరేటప్పుడే మీరు వేసుకునే మందులన్నీ చెప్పండి, రాయించండి.

రావడం, పోవడం ఇంకో కష్టం. వారానికి రెండుసార్లు టైముకి రావాలంటే బస్సు పాస్ ఉండాలి, ఛార్జ్ ఉన్న ఫోన్ ఉండాలి, ఆ రెండు గంటలు టెంట్‌ను చూసే మనిషి ఉండాలి. వీఏ ప్రచురించిన ఫలితాల్లో, ఇచ్చిన శాంపిళ్లలో 90 శాతానికి పైగా నెగెటివ్. గొప్ప అంకె. కానీ అందులోనే, రావాల్సిన సెషన్లలో సగటున సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే వచ్చారని కూడా ఉంది. రాని రోజు శాంపిల్ లేదు, కాబట్టి అది 90 శాతం లెక్కలో పడదు. పై అధికారులు మొదటి అంకె చూపించి సంబరపడితే నేను రెండో అంకె చూడమంటాను. రానివాళ్లలో ఎక్కువమంది నా మనుషులే, ఇల్లు లేనివాళ్లు.

ఆఖరుది, 12 వారాలు. 13వ వారం గిన్నె ఉండదు. ఇల్లు, పని, తోడు అప్పటికి కుదిరినవాళ్లు నిలబడతారు. ఇంకా టెంట్‌లోనే ఉన్నవాళ్లకు ఆ వారం చాలా ప్రమాదకరం. కాలిఫోర్నియా రాష్ట్రం పేదల బీమా కింద 2023లో ఇలాంటిదే మొదలుపెట్టి 24 వారాలు ఇస్తోంది, ఏడాదికి 599 డాలర్ల దాకా. వీఏ కూడా కనీసం ఇల్లు లేనివాళ్లకు అంత కాలం ఇవ్వాలి. దీనికే నా ఒక మార్కు పోయింది. ఇంటి తాళంచెవితో కలిపి, ఇంకో మూడు నెలలు ఇస్తే ఐదుకు ఐదు నేనే వేస్తాను.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు అంటే: మెథ్, కొకైన్‌కు తప్పకుండా అడగండి. మద్యం మాత్రమే సమస్యైతే మామూలుగా దీనిలో చేర్చరు. మద్యం జాడ ఒంట్లోంచి త్వరగా పోతుంది, కప్పుతో పట్టుకోవడం కష్టం, పైగా దానికి మందులున్నాయి. ఫెంటనిల్, హెరాయిన్ ఉంటే ముందు బ్యుప్రెనార్ఫినో మెథడోనో మొదలుపెట్టి, తర్వాత గిన్నె. సైన్యం నుంచి గౌరవప్రదం కాని విడుదల కాగితంతో బయటికి వచ్చినవాళ్లు మాకు రాదులే అని ఆగిపోతుంటారు. అలా ఆగొద్దు. ఆ విడుదల ఏ రకమో బట్టి కొందరికి అర్హత ఉంటుంది. కాగితం పట్టుకుని వెళ్లి అడిగి, లేదు అని వాళ్ల చేత చెప్పించుకున్నాకే వెనక్కి రండి.

తెలుగువాళ్లకు ఇదంతా ఎందుకంటే, ఇక్కడ సోషల్ వర్క్, సైకాలజీ చదువుతూ వీఏలో ట్రైనింగ్‌కి వచ్చే మన పిల్లలను ఇప్పుడు చూస్తున్నాను. మొదటి వారం వాళ్ల మొహంలో మా నాన్న అడిగిన ప్రశ్నే ఉంటుంది. వాళ్లకు నేను పుస్తకం ఇవ్వను, గిన్నె ముందు కూర్చోబెడతాను. ఒక మాట మాత్రం ముందే చెప్తాను: 'గుడ్ జాబ్' చీటీ వచ్చినప్పుడు దాన్ని పైకి చదవండి, మనిషి మొహం చూసి చదవండి, హడావుడిగా తర్వాతి చీటీకి వెళ్లిపోవద్దు. గిన్నెలో సగం అవే.

గ్యాస్ స్టేషన్‌లో, మోటెల్‌లో, దుకాణంలో పనిచేసే మనవాళ్లకు ఇల్లు లేని మాజీ సైనికులు రోజూ ఎదురవుతుంటారు. మీరు థెరపీ చేయక్కర్లేదు. ఇల్లు లేని మాజీ సైనికుల కోసం వీఏ నడిపే ఫోన్ లైన్ 877-424-3838, రాత్రీ పగలూ పలుకుతుంది. ప్రాణం మీదికి తెచ్చుకునేలా మాట్లాడుతుంటే 988 కొట్టి, తర్వాత 1 నొక్కాలి. ఈ రెండూ ఒక చీటీ మీద రాసి కౌంటర్ దగ్గర అంటించుకోండి. మనిషి వీఏకి వెళ్తానంటే, అక్కడ కంటింజెన్సీ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టి అడగమని చెప్పండి. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు. ఆ క్లినిక్‌లో లేదంటే దగ్గర్లో ఎక్కడుందో అడగాలి, బస్సు పాస్ కూడా అడగాలి, హడ్-వాష్ దరఖాస్తు అదే రోజు మొదలుపెట్టమని కూడా అడగాలి.